అన్నయ్యతో కాలిన జెర్సీ

మా బంధువుల్లో తిరుగుతున్న కథ ఇది: అన్నయ్య ఫుట్‌బాల్ పిచ్చి నాకు పడేది కాదట. ఏళ్ల తరబడి కసి దాచుకుని, ఆయన పోయిన రోజున ఆ జెర్సీని కూడా మంటల్లో వేసి తీర్చుకున్నానట. ఇక్కడే యాంగోన్‌లో, తాకేటా పేటలో ఉండే మా పెద్దమ్మ కూతురు ఈ కథను ఎంత బాగా చెబుతుందంటే, పక్కన కూర్చుని వింటే నాకే నా మీద అసహ్యం వేస్తుంది. "దాని నోరెలాంటిదో చేతులూ అలాంటివే" అని ముగిస్తుంది.

అది అబద్ధం. కసి లేదు. మా ఇంటి పద్ధతి ప్రకారం, ప్రేమతో, నా చేతులతో నేనే ఆ జెర్సీని ఆయనకు తొడిగాను. దానివల్ల జరిగిన నష్టం కసితో చేసినదానికన్నా పెద్దదని తర్వాత తెలిసింది. నన్ను తిట్టేవాళ్లు తిట్టవచ్చు, కాదనను. కానీ చేయని తప్పుకు తిట్టించుకుంటూ కూర్చుంటే, చేసిన తప్పు ఎవరి ఖాతాలోకి పోతుంది?

ఆ జెర్సీ ఈ బర్మా దేశానిది కాదు. ఆఫ్రికాలో జాంబియా ఉంది, ఆ దేశపు ఉత్తర భాగంలో రాగి గనుల ఊళ్లున్నాయి, వాటిలో ఒక ఊరి క్లబ్బుది. ఇటుక రంగు. మెడ దగ్గర చిరిగితే కుట్టి, మళ్లీ చిరిగితే మళ్లీ కుట్టినది. యాంగోన్ మొత్తంలో ఆ క్లబ్బుకు ఒకే ఒక అభిమాని ఉండేవాడు. ఆయన మా అన్నయ్య.

అన్నయ్య లమ్మడా పేటలో జెర్సీల మీద పేర్లూ అంకెలూ అతికించే దుకాణంలో పనిచేసేవాడు. వీధి జట్లు, టీ దుకాణాల జట్లు, కంపెనీల జట్లు, అందరి వీపులూ ఆయన చేతి మీదుగా వెళ్లేవి. ఒకరోజు ఇక్కడి లీగులో ఆడటానికి వచ్చిన జాంబియా ఆటగాడొకడు, వీపు మీద అంకె ఊడిపోయిందని ఆ దుకాణానికి వచ్చాడు. అంకె అతికించేలోగా ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు. సాయంత్రానికి అతన్ని పెట్టెతో సహా తామ్వేలో మా ఫ్లాటుకు తీసుకొచ్చాడు. అన్నయ్య పెళ్లి చేసుకోలేదు, నేను చేసుకుని వదిలేసి వచ్చాను. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. అయినా నన్నొక మాట అడగాలి కదా!

"ఏటన్నయ్యా ఇది? వంకాయలు తెమ్మంటే మనిషిని తెచ్చావు."

"ముందు గది కాళీగానే ఉంది గదే. ఉంటాడులే."

"ఉంటాడు సరే, ఏటి తింటాడు?"

"మనం తిన్నదే తింటాడు. అడిగీసేను."

అతను తలుపు దగ్గరే వంగి నిలబడ్డాడు. మా గుమ్మం అతనికి పొట్టి. ఇరవై ఆరేళ్లవాడు, ఎదుటి జట్టు ముందుకు రాకుండా అడ్డుకునే ఆటగాడు. నా ముందు మాత్రం ఎప్పుడూ అడ్డు నిలవలేదు. మొదటి వారంలోనే నా వంటింట్లో దూరి, ఎండు నెత్తళ్లను టమాటాలతో వేయించి, మొక్కజొన్న పిండి ముద్ద పక్కన పెట్టాడు. వాళ్ల ఊళ్లో రోజువారీ తిండి అదేనట. అచ్చం మా అమ్మ చేతి వంటలా ఉంది. ఆ మాట ఒప్పుకోవడం నా వల్ల కాక "ఉప్పెక్కువైంది" అన్నాను. అన్నయ్య మారువడ్డించుకుంటూ "అబద్దాలకోరు గుంట" అన్నాడు.

అతనికి మా తెలుగులో రెండే మాటలు పట్టుబడ్డాయి. అన్నయ్యను 'అన్నా' అనేవాడు. నేనేం తిట్టినా "ఏటక్కా!" అనేవాడు. మిగతాదంతా ఇంగ్లీషు, కాస్త బర్మీ. ఆ భాషల్లోనే అన్నం తిన్న తర్వాత ముందు వరండాలో కూర్చుని తన సొంత ఊరి క్లబ్బు కథ చెప్పేవాడు. ఇక్కడి జట్టు అతనికి జీతమిచ్చేది. ఆ క్లబ్బు మాత్రం అతని తాతది, తండ్రిది.

తెల్లవాళ్ల కాలంలో గని కంపెనీ పెట్టిన క్లబ్బు అది. పనివాళ్లు సెలవునాడు ఒకచోట చేరి జీతాల సంగతి మాట్లాడుకోకుండా బంతి వెంట పరిగెత్తుతారని పెట్టారని వాళ్ల తాత అనేవాడట. పనివాళ్లు బంతి వెంట పరిగెత్తారు, జీతాల సంగతీ మాట్లాడుకున్నారు. దేశం స్వతంత్రమై గనులు ప్రభుత్వానివయ్యాక క్లబ్బు వెలిగిపోయింది. ఆటగాళ్లకు గనిలోనే ఉద్యోగం, ఉండటానికి ఇల్లు. సొరంగంలోకి మాత్రం దింపేవారు కాదు, కాళ్లు జాగ్రత్తగా ఉండాలని. షిఫ్టు దిగినవాళ్లు స్నానమైనా చేయకుండా, హెల్మెట్లు తలమీదే ఉంచుకుని స్టేడియానికి వచ్చేవారట. తర్వాత రాగి ధర పడిపోయింది, గనులు చేతులు మారాయి. కొత్త యజమానులకు రాగి కావాలి, బంతి అక్కర్లేదు. క్లబ్బు కింది డివిజనుకు జారిపోయింది. అప్పుడు మైదానంలో గడ్డి కోసింది అభిమానులు. జెర్సీలు ఇళ్లకు తీసుకెళ్లి ఉతికింది అభిమానులు. బయటి ఊళ్లలో ఆటలుంటే లారీలెక్కి, నిలబడే వెళ్లి, నిలబడే పాడి, ఓడిపోయి వచ్చింది కూడా వాళ్లే.

నాకు ఒళ్లు మండింది. జువాలజీ చదివినదాన్ని, బతకలేనిదాన్ని ఎందుకు బతికిస్తున్నారని అడగడం నాకు తప్పనిపించలేదు.

"యజమాని ఒగ్గీసినదాన్ని ఈళ్లెందుకు మోస్తన్నారన్నయ్యా? బుద్ది నేదేటి?"

అన్నయ్య "మన తాత ఆడిన జట్టు ఏటైపోనాది?" అన్నాడు.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రేవులో బియ్యం బస్తాలు మోసినవాడు. ఆదివారాలు రేవు పనివాళ్లంతా ఉత్తికాళ్లతో బంతాడేవారని, వాళ్లకు ఒక జట్టుండేదని అమ్మ చెప్పేది. జపాను యుద్ధం వచ్చినప్పుడు సగంమంది ఇండియాకు నడిచి వెళ్లిపోయారు. తర్వాత ఇక్కడి సర్కారు వ్యాపారాలన్నీ స్వాధీనం చేసుకున్నప్పుడు మిగతా సగంలో సగం ఓడెక్కారు. జట్టు ఎప్పుడు ఆగిపోయిందో చెప్పగలిగినవాళ్లు కూడా మిగల్లేదు.

"ఆ జట్టు పేరేటి? రంగేటి? ఎవులికైనా తెలుసేటి?" అన్నాడు అన్నయ్య. "మనం మొయ్యనేదు. ఆళ్లు మోస్తన్నారు. నాను ఆళ్లతో ఉంటాను."

"ఉండు. ఈ వరండాలోంచే ఉండు. టిక్కెట్టు మాత్రం కొనకు" అన్నాను.

నవ్వాడు. ఆ రోజు నుంచీ ఆయన ఆ క్లబ్బు మనిషి.

లీగుకు సెలవులిచ్చినప్పుడు మా ఆటగాడు తన ఊరు వెళ్లి, రెండో ఏడు ఆటలకు తిరిగి వచ్చేటప్పుడు ఆ జెర్సీ తెచ్చాడు. ఇవ్వడం నేను చూడలేదు. ఆ సమయానికి నేను కింది అంతస్తులో నీళ్ల మోటారు గురించి బర్మీ ఆవిడతో తగువులో ఉన్నాను. తగువు గెలిచి పైకి వచ్చేసరికి అన్నయ్య దాన్ని తొడుక్కుని వరండాలో కూర్చున్నాడు. ఇద్దరూ ఏదో పూజ చేసి లేచినవాళ్లలా ఉన్నారు. ప్రయాణం బడలికేమో అనుకున్నాను.

"దుకాణం నిండా కొత్తవి పెట్టుకుని, ఈ మసిగుడ్డ ఎక్కడిది?"

"స్టాండు వాళ్లు పంపారు" అన్నాడు అన్నయ్య. స్టాండు అంటే ఆ స్టేడియంలో గోలు వెనక మెట్లమీద కూర్చునే అభిమానుల గుంపు. మా ఆటగాడు "ఏటక్కా" అన్నాడు గానీ నవ్వలేదు.

ఆ తర్వాత కరోనా రోగమొచ్చి లీగు ఆగిపోయింది. అతను దొరికిన విమానంలో వెళ్లిపోయాడు. ఆ మరుసటి ఏడు సైన్యం గద్దెనెక్కాక ఊరికి ఏమైందో లోకానికంతా తెలుసు, నేను చెప్పక్కర్లేదు. విదేశీ ఆటగాళ్లు మళ్లీ రావడం ఎప్పటి మాటో. వెళ్లేముందు అతను అన్నయ్యను ఆ స్టాండు వాళ్ల ఫోన్ గ్రూపులో చేర్పించాడు.

అక్కడ మధ్యాహ్నం ఆట మొదలయ్యేసరికి మాకు రాత్రి వంట వేళ. కరెంటు ఉంటే నెట్టు ఉండదు, నెట్టు ఉంటే కరెంటు ఉండదు. వరండా చివర ఒక మూల మాత్రం సిగ్నల్ అందేది. అన్నయ్య ఆ జెర్సీ తొడుక్కుని, కుర్చీ ఆ మూలకు జరుపుకుని కూర్చునేవాడు. బొమ్మ రాదు. స్టేడియంలో ఉన్న ఎవరో ఒకరు 'కార్నర్', 'బయటికి పోయింది', 'అయ్యో' అని రాస్తుంటారు. అవి చదివి, మధ్యలో జరిగినదంతా తనే ఊహించుకుని నాకు తెలుగులో వినిపించేవాడు.

"ఎడం పక్కనుంచి ఒస్తన్నాడే... ఒచ్చీసేడు... కొట్టీసేడు!"

"గోలా?"

"నేదు. గ్రూపులోకి ఇంకా రానేదు."

"మరి కొట్టాడని ఎవరు సెప్పారు నీకు?"

"కొట్టకపోతే ఎలగే, అంత దగ్గరకొచ్చి!"

ఉల్లిపాయలు తరుగుతూ నేను ఆయన్ని ఏడిపించడానికే ఎదుటి జట్టు వైపు మాట్లాడేదాన్ని. ఆ ఏడిపించడం కోసమే ఆటగాళ్లందరి గురించీ తెలుసుకోవలసి వచ్చింది. గోలీ పొట్టివాడని, నడిమి ఆటగాడు కోపిష్టని నాకూ తెలుసు. క్లబ్బు మళ్లీ పై డివిజనుకు వచ్చిన సాయంత్రం అన్నయ్య లేచి నిలబడి, గోడ పట్టుకుని ఏడ్చాడు. నేను పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. ఉల్లిపాయలు నా చేతిలో ఉన్నాయి కాబట్టి నా కళ్ల సంగతి ఎవరూ అడగలేదు.

అప్పటికే ఆయన కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు రక్తం శుభ్రం చేయించడానికి తీసుకెళ్లేదాన్ని. అక్కడికీ ఆ జెర్సీయే. సూదులు గుచ్చడానికి వీలుగా దాని ఎడమ చెయ్యి తనే జాగ్రత్తగా పైకి మడిచేవాడు, నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకసారి మంచం మీద పడుకుని "ఆ కుర్రాడు మల్లీ ఈ ఊరొస్తాడంటావా?" అని అడిగాడు.

"ఏటికొస్తాడు? ఈ కరెంటు నేని ఊరికా?"

"ఎవులైనా ఆవేపు ఎల్లేవోల్లుంటే బాగున్ను" అన్నాడు.

"ఆఫ్రికాకి మనవోళ్లెవరెల్తారు? పడుకో" అన్నాను. పడుకున్నాడు.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం, టీ తాగి, గ్లాసు కింద పెట్టి, పోయాడు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. రేవు పని చేసిన తాతల నాటిది. పోయిన మనిషి మనసు పెట్టుకున్న బట్ట ఆ మనిషి ఒంటిమీదే పోవాలి. వెనక మిగిలిపోతే ప్రాణం దాని చుట్టూ తిరుగుతుందని నమ్మకం. చచ్చినవాళ్ల బట్ట ఇంట్లో ఉంచరు, ఇంకొకరు తొడగరు. నాన్నమ్మ పోయినప్పుడు ఆవిడ అంచు చీర అలాగే వెళ్లింది. అమ్మకు నేనే ఆకుపచ్చ రవిక తొడిగాను.

స్నానం చేయించాక నేను జెర్సీ తెచ్చాను. తాకేటా అక్క అడ్డుపడింది. అవును, ఇప్పుడు కసి కథ చెబుతున్న ఆవిడే.

"పంచె కట్టి కండవా కప్పండి. ఆ గుడ్డేటి, దేవుడి దగ్గిరికి ఎల్లేవోడికి?"

"ఆయన దేవుడు అదే" అన్నాను.

"నలుగురూ ఏటనుకుంటారే?"

"నలుగురూ మొయ్యడానికొచ్చారు, అనుకోడానికి రానేదు. జరుగు."

పంతులుగారు కూడా ఏదో అనబోయి నా మొహం చూసి మంత్రంలోకి వెళ్లిపోయారు. వాదించి, గెలిచి, చేతులు బిగుసుకోకముందే తొడిగాను. నా జీవితంలో ఎన్ని వాదనల్లో ఓడానో వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఓడిపోవలసినది ఆ ఒక్కటే. గెలిచాను. మధ్యాహ్నానికి అన్నయ్యా, జెర్సీ రెండూ కాలిపోయాయి. బూడిద నదిలో కలిపాం.

పన్నెండో రోజు అన్నయ్య ఫోను తీసి ఆ గ్రూపులో రాశాను. యాంగోన్‌లో మీ మనిషి పోయాడు, నేను చెల్లెల్ని అని. గంటలోపే వందల మంది ఏదో ఒకటి రాశారు. ఒకరు పాట పాడి పంపారు. ఆ వారం ఆటకు ముందు ఆయన కోసం నిమిషం పాటు నిలబడతామన్నారు. నాకు గర్వమనిపించింది. మా బంధువులకు చూపించాలనుకున్నాను.

సాయంత్రం ఆ స్టాండుకు పెద్ద దిక్కయిన ఒకావిడ విడిగా రాసింది. బజారులో కూరగాయలమ్మే మనిషి, మొగుడు గనిలో పోయాడు. అన్నయ్య ఆవిడ గురించి చెప్పేవాడు. ఆవిడ రాసింది ఇది: 'జెర్సీ ఎవరైనా ఇటు వచ్చేవాళ్లుంటే పంపండి అమ్మా. తొందరేమీ లేదు. దాన్ని తొడుక్కోవలసిన పిల్ల ఇంకా ఎదుగుతోంది.'

అర్థం కాక అడిగాను. అప్పుడు చెప్పింది. ఆ స్టాండులో అభిమాని పోతే అతని జెర్సీ పాతిపెట్టరు, పెట్టెలో దాచరు. ఇంకొకరు తొడుక్కుని అదే మెట్టు మీద కూర్చుంటారు. గని మూసేసినా, క్లబ్బు జారిపోయినా మెట్లు ఖాళీ కాకూడదని క్లబ్బు చితికిన రోజుల్లో పెట్టుకున్న నియమం. అన్నయ్యకు వచ్చిన జెర్సీ మొదట సొరంగంలో డ్రిల్లు పట్టిన ఒక మనిషిది. అతని తర్వాత లారీ డ్రైవరైన అతని తమ్ముడిది. ఆ తమ్ముడు కూడా పోయేనాటికి అతని పిల్లలు చిన్నవాళ్లు. ఇంత దూరంలో ఒక మనిషి తమ వాడైనందుకు, పిల్లలు ఎదిగేదాకా ఆ మెట్టు ఆయనదని ఒప్పుకుని పంపారు. ఆ తమ్ముడి కూతురికి ఇప్పుడు పదిహేనేళ్లు.

మూడు రోజులు నేను జవాబు రాయలేదు. నోరున్నదాన్నని పేరు కదా నాకు. పోస్టు నడవడం లేదని రాశాను, చెరిపేశాను. ఎవరో దొంగిలించారని రాశాను, చెరిపేశాను. నాలుగో రోజు ఉన్నదున్నట్టు రాసి పంపాను. మా ఇంటి పద్ధతి ఇది, మీది నాకు తెలియదు, కాల్చేశాను అని.

మొదటి జవాబు ఆ పిల్లే రాసింది. 'అది మా నాన్నది. మీకెవరిచ్చారు ఆ హక్కు?' అంతే. ఇంతకన్నా చిన్న మాటలకు నేను మనుషుల్ని వీధి చివరిదాకా తరిమాను. ఈ పిల్లకు మాత్రం, అన్నయ్య దుకాణంలోనే, అదే ప్రెస్సు మీద, అలాంటిదే చేయించి పంపుతానన్నాను. పెద్దావిడ మర్యాదగానే రాసింది: 'కొత్తది కొత్తదే అమ్మా. మీ అన్న చనిపోయిన దుఃఖంలో ఉన్నారు మీరు. వదిలేయండి.'

వదిలేయమంటే వదిలేసేదాన్నయితే మొగుడి ఇంట్లోనే ఉండేదాన్ని.

ఇప్పుడు నాకు కావలసింది ఒక్కటే. అన్నయ్యకు ఆ నియమం తెలుసా? తెలియదనుకుంటే నా మనసు కాస్త కుదుటపడుతుంది. తనకు బహుమతిగా వచ్చిందనుకున్నాడు, తొడుక్కున్నాడు, తనతోనే తీసుకుపోయాడు. నష్టం ఆ పిల్లకే గానీ ఆయనకు కాదు. కానీ తెలిసి ఉంటే? తెలిస్తే చెప్పేవాడు కదా అని నాలో నేను వాదించుకుంటాను. వెంటనే నేనే అడ్డుపడతాను. ఎలా చెబుతాడు? ఇద్దరు చచ్చినవాళ్లు తొడుక్కున్న గుడ్డ అని తెలిస్తే ఆ సాయంత్రమే దాన్ని మెట్లమీంచి కిందికి విసిరేసి, ఆయన్ని నెలరోజులు తిట్టేదాన్ని. ఆ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు. ఆసుపత్రి మంచం మీద ఆవేపు వెళ్లేవాళ్లెవరైనా ఉంటే బాగుండునన్నది ఆ జెర్సీ కోసమేనా? ఉత్త కబురా? పడుకోమన్నాను నేను.

చెప్పగలిగినవాడు ఒకడే ఉన్నాడు. మా ఆటగాడు ఇప్పుడు వాళ్ల ఊళ్లో మినీబస్సు నడుపుతున్నాడు. రాశాను. జెర్సీ ఇచ్చినప్పుడు ఆ నియమం అన్నయ్యకు చెప్పావా అని సూటిగా అడిగాను. 'ఏటక్కా' అని మొదలుపెట్టాడు. అన్న మాతోనే ఉన్నాడన్నాడు. అన్న మనసు మంచిదన్నాడు. నువ్వు బాధపడకన్నాడు. ఆ పిల్లతో తాను మాట్లాడతానన్నాడు. అన్నీ చెప్పాడు, అడిగినది తప్ప. మళ్లీ రాశాను. చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపాడు.

మంచివాడే. నా వంటింట్లో తిన్నవాడు, నన్ను కాపాడుతున్నాననుకుంటున్నాడు. నాకా కాపుదల అక్కర్లేదు. తమ్ముడూ, ఇది నీ కంటబడితే ఎవరిచేతనైనా చదివించుకో. నేను కింద నీళ్ల మోటారు కోసం అరుస్తున్నప్పుడు, మీరిద్దరూ ఆ వరండాలో ఉన్నప్పుడు, మా అన్నయ్యకు ఆ జెర్సీ తిరిగి పంపాలని చెప్పావా, చెప్పలేదా?